నిమ్మకాయల బేరం చూసిన పిల్లకు ఫుడ్ మేనేజ్‌మెంట్ కొత్తా?

"అక్కా, నమస్తే. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. మార్కులు బాగానే వచ్చాయి గానీ ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం అంతంత మాత్రమే. మాకు నాలుగెకరాల నిమ్మతోట ఉంది. చిన్నప్పటి నుంచి నాయనతో మార్కెట్‌కు పోతుంటాను. పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్ళు ఫోన్ చేసి, తమ దగ్గర 'ఫుడ్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్' బీబీఏ ఉందని, వంద శాతం ప్లేస్‌మెంట్ అని, వారం లోపల ఫీజు కట్టి సీటు ఖాయం చేసుకోమని అంటున్నారు. నాకు ఆశగా ఉంది. బాబాయి మాత్రం 'ఇంత చదివించి పచ్చళ్ళు అమ్మిస్తావా, కంప్యూటర్స్‌లో చేర్చు' అని నాయనతో గొడవ. అమ్మకు ఫ్యాక్టరీ అంటే రాత్రి షిఫ్టుల భయం. నాయన ఏమీ తేల్చడు, 'నీ ఇష్టం పాపా' అంటాడు. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? చేరమంటారా?"

– పొదలకూరు మండలం నుంచి ఒక పాఠకురాలు

అమ్మాయ్, తొందరగా తేల్చాల్సింది ముందు తేల్చేస్తాను. వారం గడువుకు భయపడి డబ్బు కట్టకు. సీటుకు నిజంగా అంత కరువుంటే ఎవరూ ఇంటికి ఫోన్ చేసి బతిమాలరు. ఇక మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. నువ్వు పోవాలనుకుంటున్న ఊరు మంచిదే. ఎక్కబోతున్న బస్సు మీదే నాకు అనుమానం.

ఫుడ్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ అన్న పేరు అమెరికాలో పాతదే. కార్నెల్, మిషిగన్ స్టేట్ లాంటి యూనివర్సిటీల్లో ఆ పేరుతో ప్రోగ్రాములు ఎప్పటి నుంచో ఉన్నాయి. అక్కడ తిండి సరుకులో చాలా భాగం పెద్ద పెద్ద సూపర్ మార్కెట్ గొలుసుల గుండా పోతుంది కాబట్టి, సరుకు ఎక్కడ కొనాలి, ఎలా నిల్వ చేయాలి, ఏ అరలో పెట్టి ఎంతకు అమ్మాలి అన్నది విడిగా ఒక చదువైంది. మన దగ్గర పొదలకూరులో కోసిన కాయ ఢిల్లీ చేరేలోపు రైతు, కమిషన్ ఏజెంటు, లారీ ఓనరు, అక్కడి మండీ వ్యాపారి, చివరికి తోపుడుబండి మనిషి, ఇంతమంది చేతులు మారుతుంది. అదే పేరుతో ఇక్కడ బీబీఏ పెట్టినప్పుడు లోపల ఏం నేర్పుతారన్నది కాలేజీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మామూలు బీబీఏకే 'ఫుడ్' అని పైన తాలింపు వేసి వడ్డిస్తారు.

అది పట్టుకోవడం కష్టమేం కాదు. రంగుల బ్రోచర్ పక్కన పెట్టి, సెమిస్టర్‌వారీ సిలబస్ పంపమని అడుగు. ఫుడ్ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ప్రాసెసింగ్, ప్యాకేజింగ్ అన్నవి ఎన్ని పేపర్లు ఉన్నాయి, వాటికి ల్యాబ్ గంటలు ఎన్ని, క్యాంపస్‌లో పైలట్ ప్లాంట్ ఉందా లేదా చూడు. పైలట్ ప్లాంట్ అంటే చిన్న సైజు ఫ్యాక్టరీ అనుకో. గుజ్జు తీసే పల్పర్, డ్రయ్యర్, సీలింగ్ మెషిన్, కోల్డ్ రూమ్ లాంటివి ఉండి, పిల్లలు సొంత చేతులతో సరుకు తయారు చేసే చోటు. అది లేకుండా ఫుడ్ ఇండస్ట్రీ నేర్పుతామనడం గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పడమే. వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు కదా, పోయిన బ్యాచ్ పిల్లలు ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మను. వాళ్ళు చేరింది ఫ్యాక్టరీ క్వాలిటీ సెక్షన్‌లోనా, సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లోనా నువ్వే కనుక్కో. రెండూ ప్లేస్‌మెంట్ లెక్కలోకే వస్తాయి మరి.

వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని ఫోన్ చేసిన వాళ్ళు నీకు చెప్పి ఉండరు.

మన దేశంలో తిండి వ్యాపారానికి పెద్ద చట్టం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. బిస్కెట్ ప్యాకెట్ వెనక 14 అంకెల లైసెన్స్ నంబరు ఉంటుందే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అని, అది ఆ చట్టం కింద ఇచ్చేదే. ఈ లైసెన్స్ షరతుల్లో ఒకటుంది. సరుకు తయారుచేసే యూనిట్‌లో ఉత్పత్తిని పర్యవేక్షించడానికి కనీసం ఒక టెక్నికల్ మనిషి ఉండాలి. ఆ మనిషికి కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటి సబ్జెక్టుతో సైన్స్ డిగ్రీ గానీ, ఫుడ్ టెక్నాలజీలో డిగ్రీ లేదా డిప్లొమా గానీ ఉండాలి. అర్థమైందా? ప్రతి ఫ్యాక్టరీకీ చట్టం ఒక కుర్చీ వేసిపెట్టింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల ఆ కుర్చీలో కూర్చోవచ్చు. ఉత్త బీబీఏ పట్టుకుని వెళ్తే కూర్చోనివ్వరు. ఏపీపీఎస్సీ భర్తీ చేసే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకూ ఇదే తంతు. ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, వ్యవసాయం, వెటర్నరీ, మైక్రోబయాలజీ, ఇట్లాంటి డిగ్రీల జాబితా ఒకటి ఉంటుంది. బీబీఏ అందులో కనపడదు.

అంటే మేనేజ్‌మెంట్ పనికిరాదని కాదు. ఏది ముందు, ఏది వెనక అన్నదే నా గొడవంతా. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మీద పడింది కాబట్టి చెబుతున్నాను.

నేను చదివింది మామూలు బీఎస్సీ కెమిస్ట్రీ. 2003లో నెల్లూరు పక్కన ఒక రొయ్యల ప్లాంట్‌లో క్వాలిటీ సెక్షన్‌లో చేరాను. మొదటి జీతం 3,000 రూపాయలు. గమ్‌బూట్లు, తలకు టోపీ, మూతికి మాస్కు, లోపలికి పోయే ముందు క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచడం, రోజంతా ఐస్ వాసన. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే వేళ్ళ సందుల్లో క్లోరినే. పదేళ్ళు గడిచాక, వనామీ రకం రొయ్యల సాగు జోరు మీదున్న రోజుల్లో, ఒక రాత్రి పదకొండు దాటాక అల్లూరు వైపు రొయ్యల గుంటల నుంచి లారీ వచ్చింది. నాలుగు టన్నుల సరుకు, 40 కౌంటు, అంటే కిలోకు 40 రొయ్యలు. చక్కటి సరుకు. తలతోనే గడ్డకట్టించి పంపే ఆర్డర్ ఒకటి చేతిలో ఉంది, రేటు బాగుంది. తల తీసి పంపే ఆర్డర్ ఇంకొకటి ఉంది, రేటు కాస్త తక్కువే గానీ సరుకు ఎంతైనా తీసుకుంటారు.

అప్పుడే కొత్తగా వచ్చిన మేనేజర్ పెద్దచోట ఎంబీఏ చేసిన మనిషి. మంచివాడే, అందరినీ పేరు పెట్టి పలకరించేవాడు. ఏ ఆర్డర్‌కు వేస్తే లాభమో లెక్క చూసి చెబుతానని క్యాబిన్‌లోకి పోయి హెడ్డాఫీసుకు ఫోన్ పెట్టాడు. సరుకు టబ్బుల్లో ఉంది. ఐస్ కరుగుతోంది. గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే పెద్దామె ఒకామె ఉండేది. చదువు లేదు, వేలిముద్రే. ఒక రొయ్యను తీసి తలకూ ఒంటికీ మధ్య బొటనవేలితో మెల్లగా నొక్కి నాకు చూపించింది. "మేడమ్, మెడ వదలతా ఉండాది. ఇంకో గంట పోతే తల నిలవదు" అంది.

ఆమె చెప్పిందానికి శాస్త్రం ఉంది. రొయ్య కాలేయం, జీర్ణరసాలు అన్నీ తలలోనే ఉంటాయి. చచ్చాక ఆ రసాలు చుట్టూ ఉన్న కండను తినడం మొదలుపెడతాయి. చల్లదనం తగ్గేకొద్దీ ఆ పని జోరందుకుంటుంది. మెడ వదులై తల వేలాడుతుంది, ఇంకాసేపటికి పెంకు మీద నల్లమచ్చ తేలుతుంది. ఇది నేను చదువుకున్నాను, ఆమె వేలితో కనిపెట్టింది. మేనేజర్‌కు మాత్రం రెండూ లేవు. ఆయన లెక్క కాగితం మీద తప్పులేదు. ఆ లెక్కలో లేనిది గడియారమే. గంటా నలభై నిమిషాల తర్వాత బయటకు వచ్చి "తలతోనే వేసేయండి" అన్నాడు. అప్పటికి సగం సరుకు తల వేలాడుతోంది. నాలుగు టన్నులకూ తల తీయించి తక్కువ రేటు ఆర్డర్‌కే వేశారు.

నా తప్పు కూడా చెప్పాలి. పెద్దామె చూపించిన వెంటనే నేను ఆ సంగతి కాగితం మీద రాసి, టైమ్ వేసి, సంతకం పెట్టి క్యాబిన్ బల్ల మీద పెట్టి ఉండాల్సింది. పెద్ద చదువు చదివినాయనకు చెప్పడమా అని వెనకాడాను. మర్నాడు ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

ఫుడ్ ఇండస్ట్రీలో మేనేజ్‌మెంట్ అంటే నాకు తెలిసింది ఆ గంటా నలభై నిమిషాలే. సిమెంటు బస్తా వారం ఆగినా సిమెంటే. రొయ్య, పాలు, నిమ్మకాయ ఆగవు. నువ్వు నిర్ణయం తీసుకునేలోపు సరుకు తన నిర్ణయం తాను తీసుకుంటుంది. అందుకే సరుకు తెలియని వాడికి ఎంత మేనేజ్‌మెంట్ నేర్పినా కొంచెం ఆలస్యంగానే పనికొస్తుంది.

ఇక రెండో వైపు. ఈ మాట చెప్పకపోతే నేను ఎంబీఏ వాళ్ళ మీద అక్కసుతో రాశాననుకుంటావు. కొన్నేళ్ళకు నన్ను కొనుగోలు సెక్షన్‌కు మార్చారు. సరుకు తెలుసునన్న ధీమాతో కొనేవాళ్ళకు చెప్పాల్సిన ధర నేనే లెక్క కట్టాను. గుంట దగ్గర కిలో 300. వంద కిలోలు కొంటే 30,000. తల తీస్తే మూడో వంతుకు పైగా బరువు పోతుంది, రిజిస్టర్ చూసి 65 కిలోలు మిగులుతుందని వేసుకున్నాను. అంటే కిలో 461 పడుతుంది, ఐస్, కూలి, కరెంటు, ప్యాకింగ్ ఆపైన. తీరా చూస్తే మిగిలింది 61 కిలోలే. గుంట గట్టున నీళ్ళు సరిగ్గా ఓడ్చకుండానే తూకం వేశారు, మనవాడు చూసుకోలేదు. 30,000ను 61తో భాగించి చూడు, 491 దాటుతుంది. కిలోకు 30 రూపాయలు నీళ్ళలో కలిసిపోయాయి, ఉత్తపుణ్యానికి. క్వాలిటీలో ఉన్నన్నాళ్ళు నాకు రొయ్య తెలుసు గానీ రూపాయి తెలియదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాతే కాస్టింగ్, అంటే ఖర్చు లెక్క కట్టడం నేర్చుకున్నాను. ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకాయన ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పాడు. ఆరు నెలలు పట్టింది. అదే ఆయనకు నేను మైక్రోబయాలజీ నేర్పాలంటే ఆరు నెలల్లో అయ్యేది కాదు. నా వాదనంతా ఇక్కడే ఉంది. లెక్కలు తర్వాత ఎక్కుతాయి. ల్యాబ్, సైన్స్ మాత్రం వయసులో ఉన్నప్పుడే పట్టుకోవాలి.

ఇప్పుడు నీ దారి చూద్దాం. ఎంపీసీ చదివావు కాబట్టి మొదట బీటెక్ ఫుడ్ టెక్నాలజీకి ప్రయత్నించు. మన రాష్ట్రంలో ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద బాపట్లలో, పులివెందులలో ఫుడ్ టెక్నాలజీ కాలేజీలు ఉన్నాయి. నాలుగేళ్ళ కోర్సు, ఈఏపీసెట్ ర్యాంకు మీదే సీటు. చాలామంది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గొడవలో పడి యూనివర్సిటీ నోటిఫికేషన్ సంగతే మర్చిపోతారు. దాన్ని కనిపెట్టుకుని ఉండు. ర్యాంకు అంతంత మాత్రమని నువ్వే గీత గీసుకుని అప్లై చేయకుండా ఉండొద్దు. కంప్యూటర్స్ మోజులో ఇటు చూడని వాళ్ళు చాలామందే ఉంటారు. జేఈఈ మెయిన్ రాసి ఉంటే నిఫ్టెం అనే కేంద్ర ప్రభుత్వ ఫుడ్ టెక్నాలజీ సంస్థ కూడా ఉంది, ఒకటి హర్యానాలో సోనీపట్ దగ్గర కుండ్లిలో, ఇంకొకటి తమిళనాడులో తంజావూరులో. 2021 చట్టంతో ఆ రెండూ జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలయ్యాయి. తంజావూరు మనకు దగ్గరే, రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా చెన్నై దాటిపోతావు.

అవేవీ రాకపోతే ప్రపంచం మునిగిపోదు. నెల్లూరులోనో గూడూరులోనో మంచి ల్యాబ్ ఉన్న డిగ్రీ కాలేజీ చూసుకుని బీఎస్సీ కెమిస్ట్రీలో చేరు. ఫుడ్ టెక్నాలజీ బీఎస్సీ దొరికితే ఇంకా మంచిది. ఇందాక చెప్పిన కుర్చీకి ఆ డిగ్రీ చాలు. ఫీజు కూడా పక్క రాష్ట్రం బీబీఏ ముందు లెక్కలోకి రాదు. అక్కడి నుంచి ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీకి పోవచ్చు. మైసూరులో సీఎఫ్‌టీఆర్ఐ అని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉంది, 1950 నాటిది. అక్కడి ఎమ్మెస్సీకి ఈ రంగంలో ఎంతో గౌరవం. సీట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, పోటీ గట్టిగా ఉంటుంది.

మేనేజ్‌మెంట్ కోరిక అప్పటికీ తగ్గకపోతే, రెండేళ్ళు ఉద్యోగం చేశాక వెళ్ళు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 'మేనేజ్' అనే సంస్థ అగ్రిబిజినెస్‌లో రెండేళ్ళ పీజీ డిప్లొమా ఇస్తుంది, క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, వ్యవసాయం దాని అనుబంధ డిగ్రీ ఉండాలి. ఫుడ్ టెక్నాలజీ ఆ అనుబంధాల్లోదే. ఐఐఎం అహ్మదాబాద్‌లో ఫుడ్ అండ్ అగ్రిబిజినెస్‌కే విడిగా ప్రోగ్రాము ఉంది, లక్నో ఐఐఎంలోనూ ఉంది. కుండ్లి నిఫ్టెంలో ఎంబీఏ ఉంది. ఫ్యాక్టరీ చూసి వచ్చిన వాడు క్లాసులో అడిగే ప్రశ్న వేరే ఉంటుంది. జీతం దగ్గర కూడా ఆ తేడా తెలుస్తుంది.

ఉద్యోగాల సంగతి అడిగావు. మన చుట్టూనే చూడు. ముత్తుకూరు మండలం పంటపాలెం వైపు ఎప్పుడైనా పోయావా? కృష్ణపట్నం ఓడరేవు పుణ్యమా అని వంటనూనె రిఫైనరీలు వరసగా నిలబడి ఉంటాయి. ఓడల్లో దిగే ముడి పామాయిల్‌ను శుద్ధిచేసి ప్యాకెట్లకెక్కించే పని, ప్రతి ట్యాంకుకూ ల్యాబ్ రిపోర్టు కావాలి. దక్షిణాన శ్రీసిటీలో మాండలీజ్ చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది. గుంటల వెంట రొయ్యల ప్లాంట్లు ఎలాగూ ఉన్నాయి, నెల్లూరులో సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ల్యాబ్ ఉంది. కోవూరు చుట్టుపక్కల రైస్ మిల్లులు, ఒంగోలు వైపు శనగలు దాచే కోల్డ్ స్టోరేజీలు. మామూలు రైస్ మిల్లులో ఫుడ్ టెక్నాలజీకి ఏం పని అంటావేమో. ప్రభుత్వం కొనే వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. ఆ తేమ సరిగ్గా ఉందో లేదో ఒకరు చూడాలి కదా.

ప్రభుత్వ కొలువు కావాలంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ గురించి చెప్పాను. చాలామందికి తెలియనిది ఇంకొకటి, ఐబీపీఎస్ ద్వారా బ్యాంకులు తీసుకునే అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ వాళ్ళు కూడా అర్హులే. బ్యాంకు ఉద్యోగం అంటే మీ బాబాయి కూడా కాస్త మెత్తబడతాడు చూడు.

తియ్యగా చెప్పి మోసం చేయను. మొదటి జీతం తక్కువ. కంప్యూటర్స్ చదివి బెంగళూరులో చేరిన నీ ఈడు పిల్ల ఫోన్‌లో జీతం చెబితే ఆ రాత్రి నీకు నిద్ర పట్టదు. మొదటి రెండు మూడేళ్ళు రిజిస్టర్లు నింపడం, టెంపరేచర్ రాయడం, కూలీల గోళ్ళు చూడడం, ఇదే పని. అక్కడే ఉండిపోయిన వాళ్ళు అక్కడే ఉండిపోతారు. నేను చూసినంతలో పైకొచ్చిన వాళ్ళు రెండు రకాలు. క్వాలిటీ నుంచి కొనుగోలుకో ప్రొడక్షన్‌కో మారి డబ్బు లెక్క నేర్చినవాళ్ళు ఒకరు. ఐఎస్ఓ 22000, హాసప్ లాంటి ఆహార భద్రత ఆడిట్లలో చెయ్యి తిరిగినవాళ్ళు రెండో రకం. హాసప్ అంటే సరుకు పాడయ్యే చోట్లు ముందే గుర్తించి అక్కడ కాపలా పెట్టే పద్ధతి. మొదట వ్యోమగాములు తినే తిండి కోసం అమెరికాలో తయారైంది. 1997 డిసెంబర్ నుంచి అమెరికాలో అమ్మే చేపా రొయ్యా అన్నిటికీ తప్పనిసరైంది. ఇక్కడి నుంచి రొయ్య పంపాలన్నా ఆ లెక్క ప్రకారమే పోవాలి. అందుకే ఆ పద్ధతి తెలిసిన మనిషికి గిరాకీ పోదు.

ఒక్క సరుకును నమ్ముకుని మాత్రం ఉండొద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించినప్పుడు ఈ జిల్లాల్లో రొయ్యల మీద బతికే ప్రతి ఇంట్లో టెన్షనే. రొయ్యలు తప్ప ఇంకేమీ తెలియనివాడు అప్పుడు బిక్కమొహం వేశాడు. నూనె, బియ్యం, పాలు, పండ్లు, ఎక్కడికైనా మారగలిగే చదువు చదువు.

అమ్మకు నా మాటగా చెప్పు, ఆమె భయం ఉత్తది కాదు. మొదటి ఏళ్ళలో షిఫ్టులు ఉంటాయి. కానీ రొయ్యల ప్లాంట్‌లో ఒలిచే టేబుళ్ళ దగ్గర ఎక్కువమంది ఆడవాళ్ళే. ల్యాబుల్లోనూ ఆడపిల్లలు బాగానే ఉంటారు. ఇంటర్వ్యూకు పోయినప్పుడు జీతం కంటే ముందు అడగాల్సింది, రాత్రి షిఫ్టు అయ్యాక బండి ఇంటి దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దాకానా అని. ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలే కంపెనీలో చేరకు. చలిలో ఎనిమిది గంటలు నిలబడడం నీ ఒంటికి పడుతుందో లేదో కూడా చూసుకోవాలి. కొందరికి పడదు. అది తప్పేం కాదు.

బాబాయి పచ్చళ్ళ మాట అన్నాడని బాధపడకు. అదంత తేలిక పనేం కాదని చెప్పు. ఊరగాయ ఎందుకు చెడిపోదో ఆయన్నే అడుగు. ఉప్పు, పులుపు అంటాడు. ఎంత పులుపు? పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 4.6 కంటే తక్కువ ఉంటేనే బొటులినం అనే ప్రాణాంతకమైన క్రిమి పెరగదు. ఇంట్లో అవ్వ పెట్టే నిమ్మకాయ ఊరగాయకు ఆ పులుపు కాయతోనే వచ్చేస్తుంది. అదే మాంసం పచ్చడి సీసాలో పెట్టి వేరే ఊరు పంపాలంటే మీటర్ పెట్టి కొలిచి తీరాలి. చిన్న యూనిట్ పెట్టుకునే వాళ్ళకు 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. అప్లై చేసే ముందు గడువు చూసుకోవాలి. అయినా డిగ్రీ కాగానే యూనిట్ పెట్టమని నేను అనను. ముందు ఇంకొకరి డబ్బుతో నడిచే ఫ్యాక్టరీలో తప్పులు చేసి రావాలి. నేను చేసినట్టు.

మీ తోట సంగతి ఒకటి అడుగుతాను. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో నిమ్మకాయ కిలో 200 దాటిందని టీవీల్లో మోగింది గుర్తుందా? అదే కాయ వానాకాలం వచ్చేసరికి కోత కూలి కూడా రాక చెట్టు కిందే రాలి కుళ్ళిపోతుంది. దూరం పోయే లారీకి పచ్చికాయ, దగ్గరి బజారుకు పండుకాయ అని మీ నాయన చేత్తో తడిమి విడదీస్తాడు చూడు. షెల్ఫ్ లైఫ్, అంటే సరుకు ఎన్నాళ్ళు చెడకుండా నిలుస్తుందని కాలేజీలో చెప్పేది అదే. నువ్వు దాన్ని చూస్తూ పెరిగావు. నీ మీద నాకు నమ్మకం కలిగింది అక్కడే. నీ ఉత్తరంలో ప్లేస్‌మెంట్ మాట వాళ్ళది, మార్కెట్‌కు పోతుంటానన్న మాట నీది.

అందుకే డబ్బు కట్టే ముందు చిన్న పని చెబుతాను. ఈసారి నాయనతో మార్కెట్‌కు పోయినప్పుడు పెద్దకాయ, నడిమికాయ, చిన్నకాయ, ఒక్కో రకం కిలో చొప్పున పక్కకు తీసి, ఆ రోజు ఏ రకానికి ఎంత పలికిందో రాసుకో. ఇంటికొచ్చి ఒక్కో కిలో విడివిడిగా పిండి, రసం తూకం వెయ్యి. ఏ రకంలో కిలో రసం ఎంతకు పడుతుందో లెక్క కట్టు. బజారులో రేటు ఎక్కువ పలికే కాయే రసానికి కూడా లాభమా కాదా అన్నది నీ కాగితమే చెబుతుంది. అది చేస్తున్నంతసేపూ విసుగు పుట్టిందా, రెండో కిలో కూడా పిండి చూడాలనిపించిందా, అది కూడా కింద రాయి. ఫొటో తీసి నాకు పంపు. పిండే ముందు పక్కన పడేసిన కుళ్ళుకాయ బరువు మాత్రం రాయడం మర్చిపోకు, నేను మొదట వెతికేది ఆ అంకె కోసమే.